డాక్టరమ్మ చెప్పిన పిడికెడు

జూలై 7, 2025, సోమవారం

చిక్కబళ్ళాపురం ఆసుపత్రికి వెళ్ళి వచ్చాం. మూడు నెలల సగటు చక్కెర తొమ్మిది దాటింది. ఏడు చుట్టుపక్కల ఉండాలట. పాత డాక్టరు వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీలో ధారవాడ నుంచి వచ్చిన చిన్న వయసు డాక్టరమ్మ కూర్చుని ఉంది. మూతికి మాస్కు, మాట మహా జోరు. ఆ ఉత్తరాది కన్నడం మా బాగేపల్లి వాళ్ళలో సగం మందికి అర్థం కాదు. నాకా బాధ లేదు. గుడిబండె తాలూకా కచేరీలో కన్నడం నోటీసులన్నీ నా చేతి మీదుగానే వెళ్తాయి. తహశీల్దారు కూడా ఒత్తు ఎక్కడ పడాలో నన్నే అడుగుతాడు.

అందుకే మా ఆవిడ నాగరత్నను బయట బెంచీ మీద కూర్చోమన్నాను. ఆమెది కదిరి. కన్నడం వస్తుంది గానీ, ఎదుటివాళ్ళు నోరు తెరిస్తే చాలు, "ఏమంటాండారు, ఏమంటాండారు" అని నన్ను మోచేత్తో పొడుస్తుంది. డాక్టరు ముందు అది బాగుండదు.

డాక్టరమ్మ మాత్ర మార్చింది. రోజూ నడవమంది. సాయంత్రం నాలుగింటికి ఆకలేస్తుందా అని అడిగితే వేస్తుందన్నాను. "ఒందు ముష్టి శెనగ తిన్రీ. కరిదిద్దు కడ్లీదు ఏనూ బ్యాడ" అంది. పిడికెడు శెనగలు తినండి, వేయించిన కడ్లెకాయలు మాత్రం వద్దు అని. మధ్యలో మన తెలుగు మాట 'శెనగ' వేసింది, తెలుగువాళ్ళు ఎక్కువగా వచ్చే ఊరని నేర్చుకుంది కాబోలు. ఆ మర్యాద నాకు నచ్చింది.

అక్టోబరులో మళ్ళీ పరీక్ష. అప్పటికి దిగకపోతే ఇన్సులిన్ సూది అంది.

సూదంటే నాకు భయం లేదు. నాన్నకు రోజూ పొద్దున్నే నేనే వేసేవాణ్ణి. ఆ తరువాత ఆయనకు కాలు తీసేశారు. అది వేరే సంగతి.

జూలై 8, మంగళవారం

నాగరత్న శెనగలు ఉడికించి, కరివేపాకు తాలింపు వేసి, డబ్బాలో పెట్టి ఇచ్చింది. కచేరీలో తిన్నాను. గుడి ప్రసాదం తిన్నట్టుంది. అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు.

వదులుకున్నది కడ్లెకాయలు. అది రాసుకోవాలి. వేరుశనగ అని పుస్తకాల్లో ఉంటుంది గానీ మా ఇంట్లో అందరం కడ్లెకాయలనే అంటాం. నాగరత్న ఒక్కతే సెనక్కాయలంటుంది. ఆ మాట పట్టుకుని ఆమెను నేను ఏడిపించని ఏడాది లేదు. నా సొరుగులో ఫైళ్ళకన్నా కడ్లెకాయలే ఎక్కువ ఉండేవి. వేయించింది వద్దంటే నాకు ఉడికించిందీ వద్దు, పచ్చిదీ వద్దు. నియమమంటే నియమమే.

మిగిలినవన్నీ తీసి పక్క బల్ల బయ్యప్పకు ఇచ్చేశాను. అసలు అవి అతని పొలంలో పండినవే, మిట్టేమరిలో. సంచీ చేతిలో పెట్టుకుని నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఏం సామీ, కాశీకి పోతాండారా?"

జూలై 12, శనివారం

మా అమ్మాయి గార్గి చింతామణి నుంచి వచ్చింది. అక్కడ బ్యాంకులో పని, శనివారాలు వీలైతే ఇంటికి వస్తుంది. ఈ మధ్య జిమ్ముకు వెళుతోంది. నాకోసం ఒక సీసా తెచ్చింది. పీనట్ బటరట. వెన్న అనే పేరే గానీ అందులో వెన్న లేదు, కడ్లెకాయలు నూరిన ముద్ద. బ్రెడ్డు మీదో రొట్టె మీదో ఒక చెంచా పూసుకుని తింటే సాయంత్రం దాకా ఆకలి ఉండదని, షుగరు ఉన్నవాళ్ళకు మంచిదని మొదలుపెట్టింది. డాక్టరమ్మ కడ్లెకాయలు వద్దందని చెప్పాను.

"ఎవరన్నారు నాన్నా? కడ్లెకాయలు తింటే చక్కెర నిదానంగా ఎక్కుతాది. అందరూ చెప్పేదే. ఒకసారి ఫోన్ చేసి అడుగుతా ఉండు."

నాకు కోపం వచ్చింది. ఎదురుగా కూర్చుని, నా చెవులతో, కన్నడంలో విన్నాను. నా దగ్గర ఒత్తక్షరాలు దిద్దుకున్న పిల్ల నాకు కన్నడం అర్థం కాలేదంటుందా? ఆ మాట గట్టిగానే అన్నాను. ఫోను చేయనివ్వలేదు. సీసా పై అరలోకి వెళ్ళింది.

జూలై 13, ఆదివారం

గార్గి మూతి ముడుచుకునే బస్సెక్కింది. సీసా మూత నేను తీయలేదు.

ఆగస్టు 4, సోమవారం

ఉడికించిన శెనగలతో కడుపు ఉబ్బరం. రోజూ నానబెట్టడం నాగరత్నకూ విసుగే, పైకి అనదు. ఈ రోజు గుడిబండెలో వాన. బస్టాండులో బస్సు కోసం నిలబడితే మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు. బజ్జీ అంటే శెనగపిండే కదా. శెనగలు పిండి అయితే శెనగలు కాకుండా పోతాయా? రెండు తిన్నాను. వానకు ఇంకో రెండు.

ఆగస్టు 8, శుక్రవారం

వరమహాలక్ష్మి పూజ. ఒబ్బట్లు. లోపల పూర్ణం శెనగపప్పే. బెల్లం గురించి డాక్టరమ్మ ఏమీ చెప్పలేదు. నాగరత్న తన ఆకులో ఒబ్బట్టు వేసుకోలేదు, ఈ మధ్య తీపి సయించడం లేదట.

ఆగస్టు 19, మంగళవారం

బజ్జీలు.

సెప్టెంబరు 3, బుధవారం

కచేరీలో ఒకరికి ప్రమోషన్ వచ్చింది, అందరికీ మైసూర్‌పాకు. బయ్యప్ప నా వంక చూసి, "మీకు వద్దేమో గదా సామీ" అన్నాడు. మైసూర్‌పాకు దేనితో చేస్తారో చెప్పమన్నాను. శెనగపిండితో అన్నాడు. ఒక ముక్క తీసుకున్నాను. బయ్యప్ప చూపు నాకు నచ్చలేదు.

ఇష్టమైన కడ్లెకాయలను ముట్టకుండా ఉన్నవాణ్ణి. ఆ పుణ్యం ముందు ఒక ముక్క మైసూర్‌పాకు ఎంత?

సెప్టెంబరు 14, ఆదివారం

దాహం ఎక్కువైంది. నీళ్ళు బాగా తాగుతున్నాను, ఆరోగ్యానికి మంచిదే. నడక రోజూ కుదరడం లేదు, వానలు. పొద్దున మెలకువ వచ్చేసరికి నాగరత్న నా కాళ్ళ దగ్గర కూర్చుని వేళ్ళ సందులు చూస్తోంది. పగుళ్ళకు కొబ్బరినూనె రాస్తానంది. నాకు పగుళ్ళెక్కడున్నాయి? ఉత్త పుణ్యానికి నూనె దండగ.

సెప్టెంబరు 29, సోమవారం

బయ్యప్ప కొత్త కాయ తెచ్చాడు. నిన్న పీకినవట, మట్టి కూడా సరిగ్గా పోలేదు. కచేరీ వెనక పెద్ద గిన్నెలో ఉప్పేసి ఉడకబెట్టారు. ఆ వాసన ఫైళ్ళలోంచి కూడా వచ్చింది. అందరూ తొక్కలు ఒలుచుకుంటుంటే నేను ఒక్కణ్ణే చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఒక్క గింజ నోట్లో వేసుకోలేదు. అంత నిగ్రహం నాలో ఉందని నాకే తెలియదు. నాన్న ఉంటే సంతోషించేవాడు.

అక్టోబరు ఆరున పరీక్ష. తప్పకుండా దిగి ఉంటుంది. భయం ఏమీ లేదు.

అక్టోబరు 6, సోమవారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

దిగలేదు. ఇంకాస్త ఎక్కింది. డాక్టరమ్మ కాగితం చూసి, మీతో ఎవరైనా వచ్చారా, లోపలికి పిలవండి అంది. నాగరత్న వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. మాత్రలు మానేశారా అని డాక్టరమ్మ అడిగింది, లేదన్నాను. సాయంత్రం ఏం తింటున్నారంది.

"మీరు చెప్పిందే మేడమ్, శెనగ. కడ్లెకాయ వాసన కూడా చూడలేదు" అని కన్నడంలో, గర్వంగానే చెప్పాను.

"శేంగా తింతీరి? భాళ ఛలో. హెంగ తింతీరి?"

చాలా మంచిది, ఎలా తింటున్నారు అని అడిగింది. మొదట్లో ఉడికించి తిన్నానని, తరువాత పిండి చేసి బజ్జీలుగా తిన్నానని చెప్పాను. పండగలకు ఒబ్బట్టు, ఎప్పుడైనా ఒక ముక్క మైసూర్‌పాకు అని కూడా చెప్పాను. దాచడం ఎందుకు, అన్నీ శెనగలే కదా. డాక్టరమ్మ మాస్కు కిందికి లాగింది.

"శేంగాద మైసూర్‌పాక?"

నాగరత్న నా మోచేయి పొడిచింది. ఈసారి ఏమంటాండారు అని అడగలేదు.

"ఏమండీ, ఆయమ్మ చెప్పేది సెనక్కాయలండీ."

డాక్టరమ్మ ఆ మాట పట్టుకుంది. పక్కనున్న సంచీలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి, మూత తెరిచి, బల్ల మీద పెట్టింది. ఆమె సాయంత్రం తినడానికి తెచ్చుకున్నవి. వేయించి పొట్టు తీసిన కడ్లెకాయలు. వాళ్ళ ధారవాడ వైపు వాటినే శేంగా అంటారట. కడ్లి అంటే శెనగలట. కరిదిద్దు కడ్లీదు అంటే బజ్జీలు, పకోడీలు, కారాసేవు. అవే తినవద్దని ఆమె నాకు చెప్పింది. ఆమె వద్దన్నవన్నీ తిని, తినమన్నదాన్ని నేను మూడు నెలలు నిగ్రహంగా వదిలేశాను.

ముందు నాగరత్న నవ్వింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. తరువాత డాక్టరమ్మ. వాళ్ళ నవ్వు అయ్యాక ఆమె నాగరత్నకు అర్థమయ్యేలా, నిదానంగా అన్నీ చెప్పింది. శేంగా తింటే చక్కెర ఒక్కసారిగా ఎగరదు. అందులో మాంసకృత్తులు, పీచు, మంచి కొవ్వు ఉన్నాయి కాబట్టి కడుపు నిండుగా ఉంటుంది, చేయి బజ్జీ వైపు పోదు. గుండెకూ మంచిదే. అలాగని అది మందు కాదు. మాత్రకూ నడకకూ బదులు కాదు. నూనెలో వేయించకూడదు, ఉప్పు దట్టించకూడదు, బెల్లం పాకంలో వేయకూడదు. బూజు వాసన వస్తే పారేయాలి. కొలత పిడికెడే, మించితే ఒళ్ళు వస్తుంది. శెనగలు కూడా చెడ్డవి కావట. ఉడికించిన వాటితోనే ఆగి ఉంటే ఈ రోజు ఈ గొడవే ఉండేది కాదంది. నూనెలో తేలినవీ, పాకంలో మునిగినవీ నన్ను ముంచాయి.

అప్పుడు సూది మాట ఎత్తింది. ఈ రోజే మొదలుపెడదామంది. నేను నాన్న సంగతి చెప్పాను. చెబుతుంటే గొంతు పట్టేసింది, జలుబు కాబోలు. ఆమె విని, సూది వల్ల ఎవరి కాలూ పోదు, సూది ఆలస్యమైతే పోతుంది, మీ నాన్నకు ఎప్పుడు మొదలుపెట్టారు అని అడిగింది. పుండు పడ్డాక. ఆ జవాబు నేను పైకి చెప్పలేదు.

నాగరత్న నా బదులు మాట్లాడింది. ఆమె కన్నడంలో సగం కదిరి ఉంది, అయినా తడబడలేదు.

"ఇంకో మూడు నెలలు ఇవ్వండమ్మా. ఈ తూరి నేను లోపలుండి విన్న్యాను."

డాక్టరమ్మ ఒప్పుకుంది. ఇంట్లో మిషనుతో వారం వారం చూసుకోవాలి, తాను చెప్పిన గీత దాటితే ఆగకుండా రావాలి, జనవరిలో దిగకపోతే ఇక మాటల్లేవు. నన్ను మందుల షాపు దగ్గర నిలబెట్టి నాగరత్న ఏదో మరిచిపోయానని మళ్ళీ లోపలికి వెళ్ళి వచ్చింది. బస్సులో ఆమె మధ్య మధ్యలో భుజాలు కదిలిస్తూ నవ్వుకుంది.

అక్టోబరు 7, మంగళవారం

కచేరీలో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. బయ్యప్పకు చెప్పాను. అతను నవ్వి నవ్వి కుర్చీలోంచి లేచి వరండాలోకి వెళ్ళి నవ్వి వచ్చాడు. సాయంత్రానికి నా సొరుగులో ఉడికించిన కడ్లెకాయలు ఉన్నాయి. మొదటి గింజ నమిలినప్పుడు కళ్ళు మూసుకున్నాను. ఎంత బాగుందో రాయడానికి నాకు కన్నడం చాలదు, తెలుగూ చాలదు.

అక్టోబరు 11, శనివారం

గార్గి వచ్చింది. వాళ్ళమ్మ ఫోన్లో ముందే అంతా చెప్పేసినట్టుంది, గుమ్మంలోనే "నాన్నా, మైసూర్‌పాకు తెచ్చినా" అంది. నిజంగా తేలేదు.

పై అరలోని సీసా దించాం. వెనక చిన్న అక్షరాలు చదివితే కడ్లెకాయల తరువాత రెండో పేరు చక్కెర. దాని తరువాత ఏదో గట్టిపరిచిన నూనె. ఇది ఎందుకమ్మా అన్నాను. గార్గి ముఖం చిన్నబుచ్చుకుంది, తాను అది చూడలేదట. అయితే మనమే చేద్దామని నాగరత్న లేచింది.

సన్న సెగ మీద బాణలిలో వేయించింది. గింజ చిటపటమనడం ఆగి, పొట్టు తానుగా వదిలేదాకా కదిలిస్తూనే ఉంది. పాత తువ్వాలులో మూట కట్టి నా చేత రుద్దించింది. చేటలో చెరిగి పొట్టు ఎగరేసింది. మిక్సీలో వేస్తే మొదట పొడి అయింది. ఇంకాస్త తిప్పితే ముద్దయి అంచులకు అంటుకుంది. ఒక్క చుక్క నీళ్ళు పోద్దామని నేనన్నాను, పోస్తే చెడిపోతుందని గార్గి చేయి పట్టుకుంది. మిక్సీ వేడెక్కితే ఆపాం, చల్లారాక మళ్ళీ తిప్పాం. ఉన్నట్టుండి ముద్ద కరిగి, దాని నూనెలో అదే జారుగా తిరగడం మొదలైంది. ఏమీ కలపలేదు, చిటికెడు ఉప్పు తప్ప. నాగరత్న వేలితో తీసుకుని నోట్లో పెట్టుకుంది.

"ఇది కారం లేని ఊరుబిండి, మా కదిరి సెనక్కాయల పచ్చడి. దీనికి ఇంగ్లీషు పేరు పెట్టి సీసాలో పోస్తాండారా?"

రాగిరొట్టె మీద పల్చగా పూసి ముగ్గురం తిన్నాం. బయట చిన్న చినుకులు. ఇంత హాయిగా కూర్చుని ముగ్గురం తిని ఎన్నాళ్ళయిందో.

అక్టోబరు 14, మంగళవారం

పిడికెడు అంటే ఎవరి పిడికెడు అని తగాదా. డాక్టరు చెప్పింది నాకు, కాబట్టి నా పిడికిలి అన్నాను. నా పిడికిలి పెద్దది. చెప్పింది డాక్టరమ్మ, కాబట్టి ఆమె పిడికిలే కొలత అని నాగరత్న. డాక్టరమ్మది చిన్నపిల్ల చేయి. చివరికి నాగరత్న పిడికిలితో ఒప్పందం కుదిరింది. పొద్దున ఆమె కొలిచి డబ్బాలో పోస్తుంది. ఆమె అటు తిరిగినప్పుడు నేను నాలుగు గింజలు వేసుకుంటాను. ఆమెకు తెలుసనుకుంటాను.

అక్టోబరు 22, బుధవారం

దీపావళి అయింది. ఎదురింటి వాళ్ళు పళ్ళెం నిండా మైసూర్‌పాకు పంపించారు. కాసేపు దాన్ని చూశాను. గెలిచాను అని రాయాలని ఉంది గానీ ఒక మూల కొరికాను. నాగరత్నకు నేనే చెప్పాను. ఆమె చెప్పులు వేసుకుని నడకకు పదమంది.

నవంబరు 9, ఆదివారం

పొద్దున పొగమంచులో కొండవైపు రోడ్డు మీద ఇద్దరం నడిచాం. ఆమె ముందు, నేను వెనక. నాలుగింటికి వచ్చే ఆ పిచ్చి ఆకలి ఈ మధ్య రావడం లేదు. బస్టాండులో బజ్జీల బండి దాటేటప్పుడు బండివాడే పిలిచి, ఏం సార్ కోపమా అని అడిగాడు. కోపం లేదన్నాను.

డిసెంబరు 5, శుక్రవారం

మిషనులో పొద్దున లెక్క బాగానే ఉంది. నిన్నా బాగానే ఉంది. మిషను చెడిపోయిందేమో.

డిసెంబరు 26, శుక్రవారం

చలి. రొట్టె, కడ్లె వెన్న, మజ్జిగ. ఈ ముద్దకు నేను పెట్టిన పేరు అదే. మా ఆవిడ ఊరుబిండి అంటుంది, గార్గి పీనట్ బటర్ అంటుంది. ఒకే గిన్నె, మూడు పేర్లు, ఎవరి పేరు వాళ్ళు వదలం.

జనవరి 18, 2026, ఆదివారం

నిన్న రక్తం ఇచ్చి వచ్చాం. రేపు కాగితం వస్తుంది. ఈ రోజంతా ఏ పనీ చేతికి రాలేదు. జలుబు కాదు.

జనవరి 19, సోమవారం

ఆరు పాయింట్ తొమ్మిది.

డాక్టరమ్మ ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి మా వైపు తిప్పింది. ఇప్పుడు సూది అక్కర్లేదు అంది. శేంగా ఒక్కటే చేసిన పని కాదు, బజ్జీలు మానడం, నడక, మాత్ర అన్నీ కలిసి చేశాయి, ఇక్కడ ఆపితే మళ్ళీ ఎక్కుతుంది అని హెచ్చరించింది. ఎప్పుడైనా సూది అవసరమైతే అది శిక్ష కాదని కూడా చెప్పింది. ఈసారి ఆ మాట నా చెవిలోకి వెళ్ళింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు నాగరత్నది. పేరేసంద్ర దాటాక చెప్పాను.

"నాకు శానా భయమేసిందే, నాగూ."

ఇంతకు ముందు ఎవరికీ చెప్పని మాట. ఈ పుస్తకానికి కూడా చెప్పలేదు. ఆమె నవ్వుతుందేమో, లేకపోతే ధైర్యం చెబుతుందేమో అనుకున్నాను. ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ అంది.

"మీకొక్కరికేనా?"

తరువాత కాసేపటికి, అదేదో కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పింది. అక్టోబరులో నేను మందుల షాపు దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఆమె లోపలికి వెళ్ళింది ఏదో మరిచిపోయి కాదు. నర్సును అడిగి సూది వేయడం నేర్చుకోవడానికి. నర్సు ఒక బత్తాయి కాయ ఇచ్చి దాని మీద వేయించిందట. ఇంటికి వచ్చాక కూడా నేను కచేరీకి వెళ్ళినప్పుడు బత్తాయిల మీద వేసి చూసుకునేదట. మొదట్లో సూది వంకరగా దిగేదట, డిసెంబరుకు కుదిరిందట.

"మీ నాయనకు వేసిన చెయ్యి గదా మీది. మీకు మీరు వేసుకోలేరని నాకు తెల్సు."

నేను ఆమె చేయి పట్టుకున్నాను. బస్సులో అందరూ చూస్తారని ఆమె అంది గానీ చేయి తీసుకోలేదు.

ఇంటికి వచ్చి ఈ పుస్తకం జూలై నుంచి చదివాను. ఏం తిన్నానో ఉంది, ఎంత కన్నడం వచ్చో ఉంది, భయం లేదని రెండు చోట్ల ఉంది. నాగరత్నకు ఎలా ఉందో ఒక్క చోట కూడా లేదు.